మాన్పించే మందే సూదిలోకి ఎక్కితే

ప్రశ్న: హెరాయిన్ మానడానికి మా తమ్ముడికి బూప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిసిన మాత్ర ఇస్తున్నారు. నాలుక కింద పెట్టుకోవాల్సినదాన్ని నూరి, నీళ్లలో కలిపి సూదితో ఎక్కించుకుంటున్నాడు. ‘మందే కదా అక్కా’ అంటాడు. ఇవ్వడం ఆపించెయ్యమంటారా?

జవాబు: ఆపించకండి. మందు హఠాత్తుగా ఆగితే మళ్లీ హెరాయిన్ వైపే వెళ్లే అవకాశం ఎక్కువ.

8 మిల్లీగ్రాముల బూప్రెనార్ఫిన్ ఉన్న మాత్రలో 2 మిల్లీగ్రాముల నాలోక్సోన్ కలుపుతారు. నాలుక కింద అది దాదాపు ఒంటికి పట్టదు. సూదితో వెళితే పట్టి, హెరాయిన్ పనిని అడ్డుకుంటుంది. ఒంట్లో హెరాయిన్ ఉన్నవాడికి నిమిషాల్లో వాంతులు, వణుకు, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. కానీ రోజూ బూప్రెనార్ఫిన్ వాడేవాడి మీద ఈ తాళం అంత గట్టిగా పనిచేయదు. ఆ మందు మెదడులోని గ్రాహకాలను, అంటే హెరాయిన్ లాంటివి అతుక్కుని పనిచేసే చోట్లను, నాలోక్సోన్ కన్నా బిగువుగా పట్టుకుంటుంది మరి.

అసలు ముప్పు మాత్రలోని పిండి పదార్థంతో. అది నీళ్లలో కరగదు. సన్నని రక్తనాళాలను మూసేస్తుంది, సూది గుచ్చినచోట చీముగడ్డలు కడతాయి. సూది వెంట వెళ్లిన బ్యాక్టీరియా గుండె కవాటాలకు చేరుతుంది. నోట్లో పెట్టుకున్న మాత్రనే తీసి ఎక్కించుకుంటే నోటి ఫంగస్ కంటిదాకా పోవచ్చు. జ్వరం, ఆయాసం, చూపు మసకబారడం, చేయి వాచి ఎర్రబడటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సూదెందుకు పడుతున్నాడో కూడా చూడాలి. చాలామందికి మోతాదు చాలకే. సాయంత్రానికి ఆవలింతలు, కాళ్లు లాగడం, నిద్ర పట్టకపోవడం ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. సాధారణంగా రోజుకు 8 నుంచి 24 మిల్లీగ్రాముల మధ్య మోతాదు కుదురుతుంది. మాత్ర వాడే తీరు తప్పినా చాలదు. మింగేస్తే ఎక్కువభాగం కాలేయంలోనే విరిగిపోతుంది. ముందు నోరు తడుపుకుని, నాలుక కింద పెట్టి, పూర్తిగా కరిగేదాకా, అంటే 5 నుంచి 10 నిమిషాలు, మాట్లాడకుండా, ఏమీ తాగకుండా ఉండాలి. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగాలి, గంటదాకా బ్రష్ చేయకూడదు. ఈ మాత్రలతో పళ్లు పాడవుతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఎదురుగా కూర్చోబెట్టి వేయించడమో, దొరికే చోట వారానికో నెలకో ఒకసారి చర్మం కింద ఇచ్చే ఇంజెక్షనుకు మారడమో చేస్తే నూరే అవకాశమే ఉండదు.

మద్యం, నిద్రమాత్రలు దీనికి తోడైతే ఊపిరి ఆగిపోవచ్చు. అలాంటప్పుడు ఇవ్వడానికి ఇంట్లో విడిగా నాలోక్సోన్ ఉంచండి. బూప్రెనార్ఫిన్ మీద దాన్ని ఒకసారి కాదు, పదేపదే ఇవ్వాల్సి రావచ్చు. అంబులెన్సు వచ్చేదాకా నోటితో శ్వాస అందించాలి.

ప్రశ్న: ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చినట్టు కాదా?

జవాబు: కాదు. సరైన మోతాదులో వాడేవాళ్లు తూగరు, పనికి వెళతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే ఇదే పనికి వాడే మెథడోన్‌నూ, బూప్రెనార్ఫిన్‌నూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మానేస్తే ఒళ్లు తిరగబడుతుంది, నిజమే, కానీ ఒంటికి అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు.

ప్రశ్న: నేను రెండేళ్లుగా రోజూ 8 మిల్లీగ్రాముల బూప్రెనార్ఫిన్ వాడుతున్నా. ఒకేసారి మానేసి నాలుగు రోజులు పళ్లబిగువున ఉంటే అయిపోతుందా?

జవాబు: అవదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే 24 నుంచి 42 గంటలు పడుతుంది. బాధ రెండో, మూడో రోజున గాని బయటపడదు, వారాలు సాగుతుంది. మీరు గెలిచానని అనుకునే రోజే అది మొదలవుతుంది.

16 మిల్లీగ్రాములప్పుడు గ్రాహకాల్లో సుమారు 80 శాతం నిండి ఉంటాయి, 2 దగ్గర సుమారు 40 శాతం. అంటే ఆ 14 మిల్లీగ్రాములు తగ్గించడం ఎంతో, చివరి 2 మిల్లీగ్రాములు తగ్గించడమూ అంతే. 8 నుంచి 6కు, 4కు డాక్టరు సలహాతో రెండు నుంచి నాలుగు వారాలకొక మెట్టు దిగొచ్చు. 2 కిందకి మెట్లు ఇంకా చిన్నవి చేయాలి, ఒక్కోదానిలో ఎక్కువ రోజులు ఆగాలి. నిద్ర పోయినా, హెరాయిన్ ఆలోచన వచ్చినా అక్కడే ఆగండి, లేదా ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. అది ఓటమి కాదు, సరైన మోతాదు అక్కడుందన్నమాట.

మానేశాక తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పటి పాత మోతాదు హెరాయిన్ ఇప్పుడు ప్రాణం తీయగలదు. హెరాయిన్ లాంటివాటి పనిని పూర్తిగా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ అనే మందుకు మారాలంటే చివరి మాత్ర తర్వాత కనీసం 7 నుంచి 14 రోజులు గడవాలి, లేకపోతే మిగిలిన మందును అది ఒక్కసారిగా తోసేసి విత్‌డ్రాయల్, అంటే మందు ఆగినప్పుడు వచ్చే బాధ, తెస్తుంది.