జర్మనీలో చెత్త సందేహాలు

జర్మనీకి కొత్తగా వచ్చిన మన పిల్లలు వీసా గురించీ, దానికోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ గురించీ సవాలక్ష అడుగుతారు. చెత్త సంగతి మాత్రం ఇంటి ఓనర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చాకే గుర్తొస్తుంది. ఈమధ్య ఒకమ్మాయి అడిగింది: "అన్నా, ఎవరో ఒక కవర్ తప్పు డబ్బాలో వేస్తే బిల్డింగ్ మొత్తానికి నోటీసు ఏంటి?"

ఎందుకంటే చెత్త ఖర్చు అందరిదీ కలిపే ఉంటుంది. అద్దెతో పాటు కట్టే నెబెన్‌కోస్టెన్‌లో అదీ ఒక పద్దు. తడిచెత్త డబ్బాలో ప్లాస్టిక్ కనిపిస్తే బండివాళ్లు దాన్ని ఎత్తకుండా స్టిక్కర్ అంటించి పోవచ్చు. తర్వాత దాన్ని మామూలు చెత్తగా తీయించడానికి అదనంగా కట్టాలి. ఆ డబ్బు మీ పైఅంతస్తులో ఉన్న పెద్దావిడ వాటాలో కూడా పడుతుంది. 2025 మే నుంచి నిబంధన ఇంకా గట్టిపడింది. బండిలో వచ్చే తడిచెత్తలో పరాయి వస్తువులు 3 శాతం మించితే కంపోస్టు ప్లాంటువాళ్లు ఆ లోడు వద్దనొచ్చు.

అందుకని మన వంటింటి లెక్క ఒకసారి చూసుకుందాం. ఉల్లిపొట్టు, కరివేపాకు, టీపొడి, కొబ్బరి పీచు తడిచెత్తలోకి. వాటిని కవర్‌లో కట్టి వేయకండి, పాత పేపర్‌లో చుట్టి వేయండి. "కంపోస్టబుల్" అని రాసున్న కవర్లను కూడా చాలా ఊళ్లు ఒప్పుకోవు. మిగిలిన అన్నం, కూర వేయొచ్చా లేదా అన్నది ఊరిని బట్టి మారుతుంది, మునిసిపాలిటీ సైట్‌లో చూసుకోండి. సాంబారు మిగిలిందని టాయిలెట్‌లో పోయడం మాత్రం ఎక్కడా కుదరదు. ఎలుకలు వచ్చేది దానికే. గారెలు వేయించిన నూనె సింకులో పోస్తే పైపులో గడ్డకట్టి, ప్లంబర్ బిల్లు మీ ఇంటికొస్తుంది. ఇక్కడ ప్లంబర్ బిల్లు చూస్తే గారెల మీదే విరక్తి పుడుతుంది. చల్లారాక మూతున్న డబ్బాలో పోసి, మీ ఊళ్లో నూనెకు వేరే కలెక్షన్ లేకపోతే మామూలు చెత్తలో వేయండి.

ఆవకాయ సీసా సంగతి చాలామంది అడుగుతారు. సబ్బుపెట్టి కడగక్కర్లేదు, స్పూనుతో గీరి ఖాళీ చేస్తే చాలు. వీధిలో ఉండే గాజు డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు వేరువేరుగా వేయాలి. నీలం సీసా ఆకుపచ్చదాంట్లోకి. పగిలిన మంచినీళ్ల గ్లాసు మాత్రం అందులో వేయకూడదు, దాని గాజు వేరు. ఇంకోటి, ఆదివారం సీసాలు పట్టుకుని వెళ్లకండి. ఆ చప్పుడుకి కిటికీలు తెరుచుకుంటాయి.

ఫాండ్, అంటే ఖాళీ బాటిల్ షాపు మెషిన్‌లో వేస్తే తిరిగొచ్చే డిపాజిట్, అందరికీ త్వరగానే అలవాటవుతుంది, డబ్బు వస్తుంది కదా. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ బాటిల్‌కీ క్యాన్‌కీ 25 సెంట్లు. నలిపేస్తే బార్‌కోడ్ చదవడం కష్టమై మెషిన్ తిప్పికొడుతుంది. ఇండియన్ షాపులో కొన్న మామిడి జ్యూస్ డబ్బా మీద డిపాజిట్ గుర్తు లేకపోతే దానికి పైసా రాదు. అయితే బయట పార్కులోనో స్టేషన్‌లోనో తాగితే, వెనక్కి మోసుకెళ్లే ఓపిక లేకపోతే, బాటిల్‌ని చెత్తడబ్బాలో పడేయకుండా పక్కన నేల మీద పెట్టండి. పెన్షన్ చాలని ముసలివాళ్లు వాటి కోసమే తిరుగుతుంటారు. డబ్బా లోపల చెయ్యి పెట్టి వెతుక్కునే బాధ తప్పుతుంది. మన ఊళ్లో పాలకవర్లు కడిగి ఆరబెట్టి, పేపర్లు కట్టకట్టి తూకానికి వేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఇదేమీ మనకు కొత్త విద్య కాదు.

"ఇదంతా చేస్తే భూమి బాగుపడుతుందా అన్నా?" అని కూడా అడుగుతారు. హైదరాబాద్‌కి ఒకసారి వెళ్లొస్తే మనిషికి టన్ను పైనే కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. ఏడాది పొడుగునా ఉల్లిపొట్టు వేరు చేసినా అది తీరదు. అమ్మానాన్నల్ని చూడ్డానికి వెళ్లొద్దని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. డబ్బాల పని అయితే పక్కవాళ్ల కోసం, ఆ చెత్త ఎత్తే మనుషుల కోసం. అంతవరకు చేస్తే చాలు, భూమిని ఉద్ధరిస్తున్నామని ఎదుటివాళ్లకు క్లాసులు పీకక్కర్లేదు.

నాకు నిజంగా కోపం వచ్చేది మాత్రం ఇల్లు ఖాళీ చేసేటప్పుడు. కోర్సు అయిపోయి వేరే ఊళ్లో ఉద్యోగం రాగానే పరుపు తీసుకెళ్లి రోడ్డు పక్కన ఆనించి వెళ్లిపోతారు. దానికి జరిమానా ఉంది, అంతకంటే ముందు తర్వాత వచ్చే తెలుగు కుర్రాడికి ఆ బిల్డింగ్‌లో ఇల్లు దొరకదు. కుక్కర్, గ్రైండర్, చదువుకునే బల్ల లాంటివి మన వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోతారు. పరుపు ఎవరికీ వద్దనుకుంటే ష్పెర్‌మ్యుల్‌కి, అంటే పెద్ద పాత సామాన్లు తీసుకెళ్లే బండికి, బుక్ చేయాలి. కొన్ని ఊళ్లలో ఉచితం, కొన్నిచోట్ల డబ్బు కట్టాలి. తేదీ దొరకడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి ఇంటికి నోటీసు ఇచ్చిన రోజే దీన్నీ బుక్ చేసేయండి.