రోమ్ కాఫీ బార్లలో విదేశీయులని చిన్నచూపు చూస్తారా?

రోమ్‌లో పేరున్న కాఫీ బార్లలో మనలాంటి విదేశీయులని చిన్నచూపు చూస్తారా, అసలు పనిగట్టుకుని వెళ్లాలా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. చిన్నచూపు నాకైతే ఎక్కడా కనిపించలేదు. అక్కడి పద్ధతి తెలియక కంగారుపడి, ఆ కంగారునే అవమానం కింద జమ వేసుకునేవాళ్లు మనలో చాలామంది.

మా మామగారిది తెనాలి. పొద్దున డికాక్షన్ పల్చబడితే మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడరు. పైగా షుగర్ ఉంది. ఆయన్ని వెంటబెట్టుకుని, రోమన్ల కాలంనాటి గుడి పాంథియన్ దగ్గరున్న సాంత్ ఎవుస్తాకియో అనే కాఫీ బార్‌కి వెళ్లాను. 1938 నుంచి ఉన్న కొట్టు. ఎదురుగా అదే పేరుతో చర్చి, దాని నెత్తిన దుప్పి తల, కొమ్ముల మధ్య శిలువ. కొట్టువాళ్ల గుర్తు కూడా ఆ దుప్పే. గింజలు ఇప్పటికీ కట్టెల మంట మీదే వేయిస్తారు.

లోపల ఇసకేస్తే రాలనంత జనం. ముందు గల్లా దగ్గర డబ్బు కట్టాలి, రసీదు తెచ్చి కౌంటర్ మీద పెట్టాలి, నిలబడి తాగాలి, అంతే. టిఫిన్ సెంటర్లలో టోకెన్ తీసుకుని పెరిగినవాళ్లం, మనకి టెన్షన్ దేనికి?

గ్రాన్ కఫే అని ఆ కొట్టు ప్రత్యేకమైన కాఫీ, అందులో చక్కెర వాళ్లే కలిపేస్తారు. కాఫీ మెషీన్‌కి అడ్డుగా పలక ఉంటుంది, కలిపే ఆయన చేతులు మనకి కనపడవు. అందుకని "సెంజా జుక్కెరో", అంటే చక్కెర వద్దని, గల్లా దగ్గరా చెప్పాను, కౌంటర్ దగ్గర మళ్లీ చెప్పాను. ఆయన తలెత్తి మామగారి వంక ఒకసారి చూసి, సరేనన్నట్టు తలూపి పలక వెనక్కి వెళ్లాడు. కాసేపటికి రెండు కప్పులు వచ్చాయి. ముందుగా మామగారి కప్పు ఆయన ముందుకి జరిపి, దాన్ని వేలితో చూపించి "సెంజా" అన్నాడు. అంత రద్దీలో కూడా మర్చిపోలేదు! ముదురు రంగు కాఫీ మీద లేత గోధుమరంగు నురగ, స్పూన్‌తో తీస్తే జారనంత చిక్కగా ఉంది. మామగారు ఒక గుక్క తాగి, "పాలు లేవన్న సంగతే తెలియట్లేదు అల్లుడుగారూ" అన్నారు. ఆయన నోట అంత మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

మా పక్కన నిలబడ్డ పెద్దాయన ఆ ఊరివాడే. మా తర్వాత వచ్చి, రెండు గుక్కల్లో తాగేసి, మాకంటే ముందే వెళ్లిపోయాడు. ఆయనకీ మాకూ అదే కాఫీ, అదే ధర. ఇంతకంటే సమానంగా ఎవరు చూస్తారు?

ఆ పలక చూసి లోపలేదో మోసం ఉందని రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. తన పనితనాన్ని గుట్టుగా ఉంచుకోవడం పనివాడి హక్కు. "ఇంత డబ్బుకి ఒక్క గుక్కేనా" అంటూ వీడియోలు చేసేవాళ్లు ఇంకో రకం. ఎస్ప్రెస్సో అంటేనే ఏడు గ్రాముల పొడి, పాతిక ముప్పై సెకన్లు, 30 మిల్లీలీటర్ల లోపు కాఫీ. గ్లాసు నిండా కావాలంటే అది వేరే కాఫీ. మధ్యాహ్నం కాపుచినో అడిగితే తిడతారని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. అక్కడివాళ్లు దాన్ని పొద్దున పూటే తాగుతారు, నిజమే. మీరు ఎప్పుడు అడిగినా చేసిస్తారు.

దోచుకున్నారని గోల పెట్టేవాళ్లని ఒక్క మాట అడగండి, కూర్చుని తాగారా అని. నూటికి తొంభై మంది కూర్చునే ఉంటారు. టేబుల్ దగ్గర ధర వేరు, ఒక్కోచోట రెట్టింపు దాటుతుంది, అది ఇటలీవాళ్లకైనా అంతే. వెనిస్‌లో 1720 నాటి ఫ్లోరియన్ అనే కఫేలో అయితే సంగీతం వాయిస్తున్నప్పుడు కూర్చుంటే దానికీ విడిగా బిల్లు వేస్తారు. ధరల పట్టిక చదవకుండా కుర్చీ లాక్కుని, తర్వాత జాతి వివక్ష అనడం అన్యాయం.

ఎండాకాలం వెళ్తే పాంథియన్‌కి మరో పక్కనున్న తాత్సా దోరో అనే కాఫీ బార్ కూడా వదలకండి. కాఫీని ఐసు పలుకుల్లా గడ్డకట్టించి, కిందా పైనా మీగడ వేసి గ్రానీతా ఇస్తారు. దానికీ ముందు గల్లా దగ్గరికే వెళ్లాలి.