ఒక ఏఐకి చెప్పింది ఇంకో ఏఐకి తెలియాలంటే

మీ ప్రశ్న ఇది: తిరుపతిలో ట్రావెల్స్ నడుపుతున్నారు, చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్ అనే ఏఐ అసిస్టెంట్లు మూడూ వాడతారు. ఒకదానికి చెప్పిన సంగతి ఇంకోదానికి తెలియదు కాబట్టి ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకోవాల్సి వస్తోంది. ఒకదాని మెమరీ తీసి ఇంకోదానికి ఎక్కించే దారి ఉందా?

ఉంది. కాకపోతే ఉన్నదంతా ఎత్తి పోస్తే పని తేలిక కాదు, ఇంకా చెడుతుంది. నా పద్ధతి చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూస్తాను. బయ్యర్లకు ఇంగ్లీషు మెయిళ్లు ఒకదానితో రాయిస్తాను. బ్యాంకు నుంచి వచ్చే ఎల్‌సీలు (బయ్యరు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రాలు), ల్యాబ్ రిపోర్టులు ఇంకోదానితో చదివిస్తాను. ఆఫీసు మెయిల్ జీమెయిల్‌లో ఉంది కాబట్టి పాత మెయిళ్లు వెతకడానికి జెమినీ. మూడింటికీ మా సరుకేమిటో, మేము ఎట్లా అమ్ముతామో తెలిసి ఉండాలి. అందుకే మీ బాధ నాకు బాగా తెలుసు.

ముందు ఈ మెమరీ ఏమిటో అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. మీరు చాట్ చేస్తున్నంత సేపూ ఆ మోడల్ లోపల ఏమీ మారదు. మీరు మెసేజ్ పంపిన ప్రతిసారీ, ఆ చాట్‌లో అంతవరకు నడిచిన మాటలు కూడా దాంతోపాటు మళ్లీ వెళ్తాయి. అందుకే దానికి అన్నీ గుర్తున్నట్టు కనబడుతుంది. మెమరీ ఆన్‌లో ఉంటే, మీ గురించి పక్కన రాసిపెట్టుకున్న ముక్కలు కూడా మీ కంటికి కనబడకుండా వాటికి చేరతాయి. మా ఫ్యాక్టరీలో షిఫ్టు దిగే సూపర్‌వైజర్ రిజిస్టర్లో నాలుగు లైన్లు రాసిపోతాడు, తర్వాత వచ్చేవాడు అది చదువుకుని పనిలోకి దిగుతాడు. ఇదీ అంతే. అంటే మెమరీ అన్నది మామూలు రాత. రాత కాబట్టి కాపీ చేసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, ఇంకోచోట అతికించుకోవచ్చు.

చాట్‌జీపీటీలో ఇది రెండు రకాలు. 2024లో వచ్చింది సేవ్ చేసుకునే మెమరీ. సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఏమేం దాచుకుందో వరుసగా కనబడుతుంది, వద్దన్నది తీసేయొచ్చు. 2025 ఏప్రిల్‌లో పాత చాట్‌లన్నింటినీ కూడా చూసి జవాబు చెప్పే పద్ధతి తెచ్చారు. దీనికి అట్లా వరుసగా చూసుకునే జాబితా ఉండదు. ఏం గుర్తుపెట్టుకుందో దాన్నే అడగాలి. మిగతా రెండింట్లోనూ ఇట్లాంటి మెమరీలే వచ్చాయి.

కాబట్టి మొదట అడగండి. నేను వాడే మాట దాదాపు ఇట్లా ఉంటుంది: "నా గురించి, నా పని గురించి నీ దగ్గర ఉన్నదంతా ఒక్కో లైనుగా రాయి. కలపొద్దు, కుదించొద్దు. ఎప్పుడు తెలిసిందో తెలిస్తే తేదీ వెయ్యి." కుదించొద్దని గట్టిగా చెప్పకపోతే పెళ్లిచూపుల్లో అబ్బాయి గురించి చెప్పినట్టు తీయగా ఒక పేరా రాసి ఇస్తుంది, దాంతో మనకేమీ ఒరగదు. క్లాడ్‌లో అయితే బయటి మెమరీని దించుకోవడానికి ప్రత్యేకంగా సదుపాయమే ఉంది. అది చేసేదీ ఇదే పని: ఒక ప్రశ్న రాసి ఇస్తుంది, దాన్ని మీ పాత అసిస్టెంట్‌కు వేసి వచ్చిన జవాబు తెచ్చి ఇక్కడ పెట్టమంటుంది.

ఆ వచ్చిన జాబితాను ఉన్నదున్నట్టు ఇంకోదానికి అప్పగించకండి. కూర్చుని చదవండి. నా దృష్టిలో అసలు పని ఇక్కడే ఉంది. మాకు యూరప్ బయ్యరొకాయన ఒకసారి రేటు యూరోల్లో అడిగాడు. ఆ ఒక్క మెయిల్ రాయించినందుకు ఒక అసిస్టెంట్ "వీళ్లు కొటేషన్లు యూరోల్లో ఇస్తారు" అని రాసి పెట్టేసుకుంది. తర్వాత గల్ఫ్ బయ్యరుకు డ్రాఫ్ట్ అడిగితే అందులోనూ యూరోలే. మేమేమో ఎవరికైనా డాలర్లలోనే ఇస్తాం. ఆ లైను చూడకుండా మిగతా రెండింటికీ ఎక్కించి ఉంటే మూడూ కలిసి ఒకే తప్పు చేసేవి. ఒకసారి జరిగినదాన్ని ఎప్పుడూ జరిగేదానిగా రాసుకోవడం ఈ మెమరీలకున్న జబ్బు.

అందుకే ఇప్పుడు నేను ఏ ఒక్కదాని మెమరీనీ నమ్ముకోవడం లేదు. నాదంటూ ఒక ఫైలు ఉంది, మామూలు టెక్స్ట్ ఫైలు, ఒక పేజీ దాటదు. అందులో కొన్ని లైన్లు చూపిస్తాను:

"సరుకు: తోతాపురి, అల్ఫాన్సో గుజ్జు. తోతాపురి బ్రిక్స్ (తీపి కొలత) 14కు తగ్గకూడదు. ప్యాకింగ్: అసెప్టిక్ (క్రిములు చేరని) బ్యాగు, స్టీల్ డ్రమ్ము, నికర బరువు 215 కిలోలు. 20 అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు, మొత్తం 17,200 కిలోలు. ఓడరేవు చెన్నై. రేటు డాలర్లలో. మెయిల్ పది లైన్లు దాటకూడదు, పొగడ్తలు వద్దు. అంకెలు ఎక్కడైనా తేడాగా కనబడితే సరిచేయకు, నన్ను అడుగు."

ఆ చివరి లైను లేకముందు, డ్రమ్ముల సంఖ్యకూ బరువుకూ పొంతన లేని కాగితం వస్తే ఏఐ తనంతట తానే ఒక అంకెను మార్చేసి చక్కగా సరిపోయిందనేది. ఎల్‌సీలో అట్లాంటిది పడితే బ్యాంకు కాగితాలు తిప్పి పంపుతుంది, ఇంక ఓనరు ముందు నిలబడాల్సింది మనమే.

మారే సంగతులను ఈ ఫైలులో పెట్టను. పెట్టక తప్పకపోతే తేదీతో పెడతాను. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలు అని ప్రభుత్వం నిర్ణయించింది, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 అని లెక్క. "తోతాపురి కిలో 12" అని తేదీ లేకుండా మెమరీలో ఉండిపోతే, ఏ సీజన్లో అడిగినా అదే రేటుతో ఖర్చు లెక్క వేసి ఇస్తుంది, అదీ ఏమాత్రం తడబడకుండా. మీకైతే దర్శనం టికెట్ల కోటా, గదుల నియమాలు ఇట్లాంటివే. టీటీడీ మారుస్తూనే ఉంటుంది. వాటిని ఫైలులో రాయకండి. అధికారిక సైట్లో చూసుకుని ఆ పూట చాట్‌లో మాత్రం చెప్పండి. మీ ఫైలులో ఉండాల్సింది వేరే: ఏ బండికి ఎన్ని సీట్లు, కాణిపాకం, శ్రీకాళహస్తి ప్యాకేజీల్లో ఏమేం కలిసి ఉంటాయి, డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ రేటులో ఉన్నాయా లేవా, తమిళనాడు నుంచి వచ్చేవాళ్లకు ఏ భాషలో రాయాలి, అడ్వాన్సు తిరిగి ఇచ్చే పద్ధతి ఏమిటి.

"ఎందుకింత తంటా, పాత చాట్‌లన్నీ డౌన్‌లోడ్ చేసి అక్కడ అప్‌లోడ్ చేస్తే పోలా?" అని మీకు అనిపించొచ్చు. చేయొచ్చు. చాట్‌జీపీటీలో డేటా ఎక్స్‌పోర్ట్ అడిగితే మెయిల్‌కు లింకు వస్తుంది, అందులో మీ సంభాషణలన్నీ జిప్ ఫైలుగా ఉంటాయి. దాన్ని దగ్గర ఉంచుకోవడం మంచిదే. ఇంకోదానికి తినిపించడం మాత్రం దండగ. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, పొడుగాటి పాఠం ఇస్తే మోడళ్లు మొదట్లో, చివర్లో ఉన్నవాటిని బాగా పట్టుకుంటాయి, నడిమధ్యలో ఉన్నవాటిని జారవిడుస్తాయి. కొత్త మోడళ్లు మెరుగయ్యాయి, కానీ పనికిరాని చెత్త మధ్య పనికొచ్చే ముక్క వెతికించడం ఇప్పటికీ మంచి పద్ధతి కాదు. పైగా తెలుగుతో ఇంకో ఇబ్బంది ఉంది. ఇవి మన రాతను టోకెన్లుగా ముక్కలు చేసుకుని చదువుతాయి. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్‌ను విడుదల చేసినప్పుడు చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణే చూడండి: ఒకే పలకరింపుకు ఇంగ్లీషులో 24 టోకెన్లు, తెలుగులో 45. అంతకుముందు తెలుగులో 159 పట్టేదట. ఎంతో తగ్గింది, ఇంకా రెట్టింపుకు దగ్గరగానే ఉంది. ఒక పేజీ ఫైలుకు ఈ తేడా లెక్కలోకి రాదు, తెలుగులోనే రాసుకోండి. ఏళ్ల తరబడి చేసిన తెలుగు చాట్‌లు గుమ్మరిస్తే మాత్రం చోటు తొందరగా నిండిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. యాత్రికుల ఆధార్ ఫోటోలు, ఫోన్ నంబర్లు మీ పాత చాట్‌లలో ఉండే ఉంటాయి. ఆ మూటను ఇంకో కంపెనీ చేతికి ఇచ్చే ముందు ఆలోచించండి, అవి మీవి కావు. ఒకచోటి డేటాను ఇంకోచోటికి మార్చుకునే హక్కు యూరప్ చట్టంలో ఉంది. మన దగ్గర 2019 బిల్లులో ఉండింది కానీ 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టంలో లేదు. మన డేటా చూసుకోవడానికి, దిద్దించుకోవడానికి, తీసేయించుకోవడానికి మాత్రం హక్కు ఇచ్చారు.

ఫైలు ఎక్కడ పెట్టాలంటే: చాట్‌జీపీటీలోనూ క్లాడ్‌లోనూ ప్రాజెక్ట్ అని ఉంటుంది, జెమినీలో జెమ్ అని ఉంటుంది. మూడింట్లోనూ మీ ట్రావెల్స్ పేరుతో ఒక్కొక్కటి తెరిచి అదే పేజీని అతికించండి. మొత్తం ఖాతాకు వర్తించే చోట పెట్టకండి, ఇంట్లో పిల్లల హోంవర్క్ అడిగినా బండి రేట్ల ధోరణిలో చెప్తుంది.

ఎంసీపీ గురించి కూడా ఎవరో మీకు చెప్పారన్నారు, అంటే ఏఐ అసిస్టెంట్లను బయటి ఫైళ్లకు, సాఫ్ట్‌వేర్లకు కలిపే పద్ధతి. 2024 నవంబర్‌లో క్లాడ్ కంపెనీ ఆంత్రోపిక్ బయటపెట్టిన ప్రమాణం అది. తర్వాత ఓపెన్‌ఏఐ, గూగుల్ కూడా ఒప్పుకున్నాయి. దాంతో ఒకేచోట ఉన్న నోట్స్‌ను వేర్వేరు అసిస్టెంట్లు నేరుగా చదివేలా, రాసేలా కలపొచ్చు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకు బాగుంటుంది. మీకు, నాకు ఇప్పట్లో అక్కర్లేదని నా అభిప్రాయం. రాసే అనుమతి మూడింటికీ ఇస్తే యూరోల లాంటిది ఎవరు చేర్చారో పట్టుకోవడం కూడా కష్టం.

ఫైలు అసలు కాపీ గూగుల్ డ్రైవ్‌లో ఉంచుకోండి. కౌంటర్లో కూర్చునే అబ్బాయికి చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి. రేటు మారిన రోజే అందులో దిద్ది, మూడుచోట్లా పాతది తీసేసి కొత్తది అతికించండి. పాతదాని కిందే కొత్తది చేరిస్తే రెండు రేట్లూ కనబడి ఏదో ఒకటి తీసుకుంటుంది.