పొడపత్రి నానోకణాలు: పసుపు రంగును నమ్మకు

శ్రీకాకుళం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

సీతంపేట కొండల పొడపత్రితో వెండి నానోకణాలు చేసి షుగరుకు పరీక్షిస్తానన్నావు. ముందు ఆకు అదేనని తేల్చుకో. ఆకు నమిలి పంచదార వేసుకుంటే తీపి తెలియకూడదు. అది చాలదు, పూతతో ఉన్న కొమ్మను ఎండబెట్టి హెర్బేరియం షీటుకు (మొక్క నమూనా అతికించే అట్టకు) ఎక్కించి వృక్షశాస్త్రం వాళ్లచేత పేరు నిర్ధారింపజేసుకో.

నీడన ఎండిన ఆకుపొడి 10 గ్రాములు 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 60 డిగ్రీల వేడిమీద 20 నిమిషాలుంచి వడకట్టు. అందులో 10 మి.లీ. తీసి 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ ద్రావణం 90 మి.లీ.లో కలుపు (100 మి.లీ.కి 17 మిల్లీగ్రాములు). గోధుమరంగు తిరగాలి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 400–450 నానోమీటర్ల మధ్య పీక్ (కాంతిని ఎక్కువగా మింగే చోటు) రావాలి. తెల్లగా మసకబారితే ఉప్పులోని క్లోరైడ్ చేరినట్టే. మన సముద్రం వైపు బోరునీళ్లు ఉప్పన. గాజుసామాను ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే కానీ. సెంట్రిఫ్యూజ్ చేసి (గిర్రున తిప్పి అడుక్కు దింపి) కణాలను మూడుసార్లు కడుగు. మొదటిసారి పైన తేరిన నీటిని పారబోయకు, దాన్నీ పరీక్షించాలి.

అసలు చిక్కు గ్లూకోసిడేజ్ (పేగులో చక్కెరలను విడగొట్టే ఎంజైమ్) పరీక్షలో ఉంది. ఎంజైమ్ పనిచేస్తే పుట్టే పసుపు రంగును 405 నానోమీటర్ల దగ్గర చదువుతాం, వెండి కణాలు మింగే కాంతీ అక్కడిదే. అందుకే ప్రతి మోతాదుకూ ఎంజైమ్ లేని బ్లాంక్ (పోల్చుకునే గొట్టం) పెట్టు. సోడియం కార్బొనేట్‌తో చర్యను ఆపాక కణాలను కిందకు దింపి, పైనీటినే చదువు. ఇంకొకటి, ఈస్ట్ ఎంజైమ్ మీద అకార్బోజ్ (ఈ ఎంజైమును అడ్డుకునే షుగరు మందు) బలహీనంగా పనిచేస్తుంది. దాన్ని ఓడించామని రాస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు. ఎలుక పేగు ఎంజైమ్ వాడు.

అమైలేజ్ (పిండిని విడగొట్టే ఎంజైమ్) పరీక్షకు వాడే బఫర్‌లో, అంటే పీహెచ్ నిలిపే ద్రావణంలో, ఎంజైమ్ కోసమే ఉప్పు వేస్తారు, ఆ ఉప్పుకే కణాలు ముద్దకట్టొచ్చు. ముందుగా కణాలను ఆ బఫర్‌లో అరగంట ఉంచి పీక్ కదిలిందేమో చూడు.

ఎలుకల దగ్గర మరీ జాగ్రత్త. వాటికి షుగరు తెప్పించే స్ట్రెప్టోజోటోసిన్‌ను చల్లని 4.5 పీహెచ్ సిట్రేట్ బఫర్‌లో కలిపిన వెంటనే ఇవ్వాలి, నిలవుంటే పాడైపోతుంది. మూడు రోజులయ్యాక పరగడుపున షుగరు 250 దాటినవాటినే తీసుకో. మందు పెట్టాక షుగరు తగ్గిందని సంబరపడకు. విషం ఎక్కి మేత మానేసిన ఎలుకకూ తగ్గుతుంది. మేత, బరువు రోజూ రాయి. కణాల గుంపుతో పాటు ఒట్టి కషాయం గుంపు, అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్ గుంపు, మెట్‌ఫార్మిన్ గుంపు ఉండాలి. లేకపోతే గుణం ఆకుదో వెండిదో ఎలా చెబుతావు?

విషపరీక్షకు ఓఈసీడీ (అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ) 423 పద్ధతి పట్టు: మెట్టుకు మూడు ఆడ ఎలుకలు, సమాచారం లేకుంటే కిలో బరువుకు 300 మిల్లీగ్రాములతో మొదలు, 14 రోజుల గమనింపు. ఒక్క మోతాదుకు చావలేదని నిరపాయం అనేయకు. వెండి కాలేయంలో పేరుకుంటుంది. 28 రోజుల పరీక్షా చేసి కాలేయం, మూత్రపిండాల కోతలను సూక్ష్మదర్శినిలో చూపించు. ఉప్పునీటి రొయ్యపిల్లల పరీక్షను వెండికి నమ్మలేం, ఆ నీటిలో క్లోరైడే దాన్ని బంధించేస్తుంది.

జంతు నైతిక కమిటీ అనుమతి రాకుండా ఒక్క ఎలుకనూ ముట్టకు. దరఖాస్తు ఈ వారమే పెట్టు. చుట్టుపక్కల షుగరువాళ్లు కాస్త ఇమ్మంటే చుక్క కూడా ఇవ్వకు.