చామోమైల్ తైలం రాశాక బుగ్గలు మండుతుంటే

పొడిబారి ఎర్రబడే బుగ్గలకు చామోమైల్ (చామంతి లాంటి చిన్న పువ్వు) మంచిదని విని, దాని సుగంధ తైలాన్ని నేరుగా రాశారని, దాంతో మంట ఇంకా పెరిగిందని అన్నారు. ముందు దాన్ని ఆపేయండి. చల్లటి నీళ్లతో మెల్లగా కడిగి, సువాసన కలపని మాయిశ్చరైజర్ మాత్రమే రాయండి. వాపు గానీ పొక్కులు గానీ కనిపిస్తే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఆవిరితో తీసే ఆ తైలం చాలా గాఢమైనది, పలుచన చేయకుండా ముఖానికి రాయకూడదు. ఎండుపూల కషాయం సంగతి వేరు. ప్రాచీన గ్రీకులు, రోమన్లు కూడా వాడిన పువ్వు ఇది. జర్మన్ చామోమైల్‌లోని బిసబొలాల్, ఎపిజెనిన్‌ అనే పదార్థాలకు వాపును తగ్గించే గుణం ఉంది. తైలంలోని నీలి రంగు పువ్వులో ఉండదు. మాట్రిసిన్ అనే పదార్థం వేడికి చామజులీన్‌గా మారితే వస్తుంది. కషాయం పసుపుగా ఉందని అనుమానించకండి!

మంట పూర్తిగా తగ్గాక 3 గ్రాముల ఎండుపూల మీద 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు పోసి, 10 నిమిషాలు మూతపెట్టి వడకట్టండి. మూత తీసి ఉంచితే సుగంధ ద్రవ్యాలు ఆవిరితో పోతాయి. చల్లారాక కాస్త మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగండి. దురద లేకపోతే, మర్నాడు తాజాగా కాచిన కషాయంలో మెత్తటి గుడ్డ తడిపి బుగ్గలపై కాసేపు ఉంచండి. కళ్లకు తగలనివ్వకండి. మిగిలింది దాచవద్దు, త్వరగా పాడవుతుంది.

చామంతి, బంతి పూలు మీకు పడవా? ఇదీ ఆ కుటుంబమే, అప్పుడు కషాయం కూడా వద్దు. మచ్చలు పోతాయన్న ప్రచారాన్ని మాత్రం నేను నమ్మను.