లారీ యజమాని లక్షన్నర ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. టైల్స్ మేస్త్రీని, నెలకు 20 వేల దాకా వస్తుంది. మాది ఖమ్మం జిల్లా. నాలుగు నెలల క్రితం సూర్యాపేట దగ్గర బండి మీద వెళ్తుంటే వెనక నుంచి లారీ గుద్ది కుడి కాలు విరిగింది, రాడ్ వేశారు. ఆస్పత్రికి 3.2 లక్షలైంది. అందులో 2 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఎఫ్‌ఐఆర్ అయింది. లారీ యజమాని లక్షన్నర ఇస్తాను, రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టకండి. మీకు పరిహారం కట్టాల్సింది మామూలుగా యజమాని కాదు, ఆ లారీ బీమా కంపెనీ. అయినా ఆయనే జేబులోంచి ఇస్తానంటున్నాడంటే కారణం ఏదో ఉంటుంది. బీమా అయిపోయి ఉండొచ్చు, డ్రైవరు లైసెన్సులోనో పర్మిట్‌లోనో లోపం ఉండొచ్చు. లైసెన్సు, పర్మిట్ లోపాలున్నప్పుడు మీకు ముందు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు బీమా కంపెనీలకు చెప్పడం మామూలే. ఆయన భయం అదే కావచ్చు. లారీ నంబరుతో పరివాహన్ సైట్‌లో ప్రమాదం రోజున పాలసీ అమల్లో ఉందో లేదో ఇవాళే చూడండి. పాలసీ లేకపోతే మాత్రం యజమాని ఆస్తి మీదే ఆధారపడాలి. అప్పుడు బేరం లెక్క వేరు.

గడువు దగ్గరపడింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. మీకు మిగిలింది రెండు నెలలు. పోలీసులు పంపే నివేదికనే పిటిషన్‌గా తీసుకోవచ్చని చట్టంలో ఉన్నా, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. సూర్యాపేట దాకా తిరగాల్సిన పని లేదు, మీరుండే చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. తప్పెవరిదో తేల్చకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలిచ్చే 164 సెక్షన్ గురించి ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోకండి. అది తీసుకుంటే 166 కింద పూర్తి పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది.

ఇక మీకెంత రావచ్చు? శాశ్వత వైకల్యం వల్ల పోయే సంపాదన లెక్క ఇలా కడతారు. నెలకు 20 వేలంటే ఏడాదికి 2.4 లక్షలు. సొంతంగా పని చేసుకునే 40 ఏళ్లలోపు వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 3.36 లక్షలు. 36–40 ఏళ్ల వారికి గుణకం (ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 15 కాబట్టి మొత్తం 50.4 లక్షలు. ఇందులో మీ వైకల్య శాతం మేరకు వస్తుంది. అంటే ప్రతి 10 శాతానికీ 5.04 లక్షలు. 20 శాతం అని తేలితే ఒక్క ఈ పద్దు కిందే 10.08 లక్షలు. ఆస్పత్రి బిల్లులు, పని లేని నెలల కూలి, తోడున్నవారి ఖర్చు, రవాణా, నొప్పికి పరిహారం, రేపు రాడ్ తీయడానికయ్యే ఖర్చు, ఇవన్నీ దీనికి అదనం. లక్షన్నర ఏ మూలకు?

చాలామంది నష్టపోయేది ఈ శాతం దగ్గరే. మెడికల్ బోర్డు ఇచ్చేది కాలికి ఎంత వైకల్యం అన్నది. కోర్టు చూడాల్సింది దానివల్ల సంపాదన ఎంత తగ్గిందన్నది. గుమాస్తాకు కాలు వంగకపోయినా ఉద్యోగం సాగుతుంది. టైల్స్ మేస్త్రీ గొంతుక్కూర్చోలేకపోతే పనే లేదు. ఆ మాట మీ డాక్టరు కోర్టుకొచ్చి చెప్పాలి. ఒట్టి సర్టిఫికెట్ పెట్టి వదిలేస్తే బీమా వకీలు దాన్ని సగానికి దించుతాడు.

రెండోది ఆదాయ రుజువు. అది లేకపోతే కోర్టు తనకు తోచిన ఆదాయం వేసుకుంటుంది. 20 వేలకు బదులు 15 వేలు వేస్తే, అదే 20 శాతానికి 2.52 లక్షలు తగ్గిపోతాయి. ఫోన్‌పే, గూగుల్ పే జమలున్న ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే అది, పని ఇచ్చిన ఇద్దరు కాంట్రాక్టర్ల లేఖలు సిద్ధం చేసుకోండి. ఆ కాంట్రాక్టర్లు సాక్ష్యానికి రావాలి సుమా.

ప్రమాదం కేసని ఆస్పత్రి రాసిపెట్టే ఎంఎల్‌సీ రికార్డు ఒకసారి చదివించుకోండి. హడావుడిలో ‘బండి మీద నుంచి పడ్డాడు’ అని రాసేస్తే అసలు లారీయే గుద్దలేదని వాదిస్తారు. మీకు లైసెన్సు లేకపోయినా, బండి మీద ముగ్గురున్నా మీ తప్పు కూడా ఉందని కోత అడుగుతారు. వకీలుకు ముందే నిజం చెప్పండి. బిల్లుల అసళ్లు కోర్టుకు తప్ప ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు దగ్గరుంచుకోండి.

వకీలు ఫీజు ‘వచ్చినదాంట్లో ఇంత శాతం’ అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఎంతో ఒక మొత్తం ముందే రాసుకోండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత వకీలును అడగండి.

అన్నిటికన్నా ముందు ఆ అప్పు సంగతి చూడండి. 2 లక్షలకు మూడు రూపాయలంటే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. కేసు తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. కోర్టు పరిహారం మీద ఇప్పించే వడ్డీ మామూలుగా ఏడాదికి 6 నుంచి 9 శాతమే, అదీ పిటిషన్ వేసిన రోజు నుంచి. కేసు గెలిచి కూడా వడ్డీలో ఓడిపోతారు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ అప్పు తీర్చేయండి. రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 2 వేలే. ఆ మిగిలే 4 వేలతోనే రాజీకి తొందరపడాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

లోక్ అదాలత్‌లో బీమా కంపెనీ ఒక మొత్తం చెప్పొచ్చు. అక్కడ ఒప్పుకుంటే అప్పీలు ఉండదు. కాబట్టి పైన చెప్పిన లెక్క మీ వైకల్య శాతంతో వేసుకుని, ఎంతకు తగ్గకూడదో ఇంట్లో అనుకున్నాకే వెళ్లండి.