"పూలు ఎవరికి నాన్నా?" అన్నారు కదా, అక్కడ ఆగుదాం

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. పుట్టిల్లు రాజమండ్రి. అమ్మ పోయి 14 నెలలైంది. నాన్నగారికి 70. ఆ ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు, పొద్దున పనిమనిషి వచ్చి వంట చేసి వెళ్తుంది. అమ్మ ఉన్నప్పుడు పెరడు అద్దంలా ఉండేది. ఇప్పుడు మోకాళ్ల ఎత్తు గడ్డి, వయ్యారిభామ కలుపు. దొండ పందిరి కూలి పాదంతా నేలమీద అల్లుకుపోయింది. ఉగాదికి ముందు రోజు పొద్దున్నే ఇద్దరం రైతు బజారుకి వెళ్లాం. మామిడికాయలు, కొత్త చింతపండు, బెల్లం, వేపపువ్వు కొన్నాం. బయటికి వస్తూ నాన్న మూర మల్లెపూలు తీసుకున్నారు. "ఎవరికి నాన్నా?" అన్నాను. "మన చెట్టువి ఇంకా విచ్చలేదుగా" అన్నారు. అమ్మ లేదన్న సంగతే మరిచిపోయారేమోనని భయమేసింది. మధ్యాహ్నం ఆయన పడుకున్నాక, పండగ పూట ఇల్లు ఇలా ఉండకూడదని కూలీ మనిషిని పిలిచి పెరడంతా కొట్టించేశాను. గడ్డిలో కలిసిపోయిన మల్లె పొదని కూడా అతను కొట్టేశాడు. తర్వాత చూస్తే కొమ్మల నిండా మొగ్గలే. నాన్న లేచి వచ్చి చూసి ఒక్క మాట అనలేదు. మర్నాడు పచ్చడి కూడా నోట్లో పెట్టుకోలేదు. వారమైంది, ఫోన్ చేస్తే "ఆఁ, ఊఁ" తప్ప మాట లేదు. అమెరికాలో ఉన్న అన్నయ్య "ఇల్లు అమ్మేసి నాన్నని నీ దగ్గర పెట్టుకో" అని ఎప్పటినుంచో అంటున్నాడు. కడియం నుంచి మంచి మల్లె మొక్క తెచ్చి వేద్దామనుకుంటున్నాను. నేను చేసింది తప్పా? నాన్నకి మతిమరుపు మొదలైందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి పెరడు గొడవ అనుకునే చదివాను. రెండోసారి రైతు బజారు దగ్గరే ఆగిపోయాను.

"మన చెట్టువి ఇంకా విచ్చలేదుగా." ఈ మాటలో మతిమరుపు ఎక్కడుందమ్మా? ఇంట్లో చెట్టు మొగ్గ తొడిగిందని ఆయనకి తెలుసు. ఇంకా విచ్చలేదనీ తెలుసు. అవి విచ్చేదాకా బజారు పూలు కొనాలని తెలుసు. మీరు "ఎవరికి" అని అడిగారు, ఆయన "ఎందుకు కొంటున్నానో" చెప్పారు. ఎవరికో చెప్పాల్సిన అవసరం ఉందని ఆయన అనుకుని ఉండరు. ఆ మూర పూలు ఇంటికొచ్చాక ఏమయ్యాయో మీరు రాయలేదు. బహుశా చూసి ఉండరు. అమ్మగారి ఫోటో దగ్గరికి వెళ్లాయేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇంకో సంగతి. గడ్డిలో మునిగిపోయిన మల్లె పొద, ఎవరూ పట్టించుకోకుండానే ఉగాది నాటికి కొమ్మల నిండా మొగ్గ తొడగడం అంత తేలిక కాదు. మా అమ్మమ్మగారింట్లో ఆ పని ఎలా చేసేవారో నాకు గుర్తుంది. సంక్రాంతి రోజుల్లో కొన్నాళ్లు నీళ్లు ఆపేసేవారు. ఆకంతా దూసి, కొమ్మలు కత్తిరించి, మొదట్లో తవ్వి పశువుల ఎరువు వేసేవారు. ఆ తర్వాత మళ్లీ నీళ్లు పెడితే కొత్త చిగురుతోపాటు మొగ్గ వచ్చేది. మల్లె పాత కొమ్మకి పూయదు, కొత్త చిగురుకే పూస్తుంది. మీ ఇంట్లో ఇదంతా అమ్మగారి పని అయి ఉంటుంది. ఈ ఏడు ఎవరు చేశారంటారు? పనిమనిషి అయితే చేసి ఉండదు. 70 ఏళ్ల మనిషి, బహుశా జీవితంలో ఎప్పుడూ మొక్క మొహం చూడని మనిషి, ఆవిడ చేస్తుంటే చూసింది గుర్తు పెట్టుకుని చేసి ఉంటారని నా ఊహ. మిగతా పెరడంతా వదిలేశారు. దొండ పందిరి కూలితే కూలనిచ్చారు. ఆయన ఓపిక ఒక్క పొదకే సరిపోయింది. నా ఊహ తప్పే కావచ్చు. పనిమనిషిని అడిగితే తెలుస్తుంది: "నాన్న మల్లెచెట్టుకి నీళ్లు పోసేవారా?" అని.

మీరు చేసింది తప్పా అంటే, పెరడు బాగుచేయించడం తప్పు కాదు. మోకాళ్ల ఎత్తు గడ్డి ఉన్న చోట ఒంటరిగా ఉన్న పెద్దాయన రాత్రిపూట కాలు పెడితే పాముల భయం ఉంటుంది. కొబ్బరి చిప్పల్లో, పగిలిన కుండీల్లో నీళ్లు నిలిస్తే దోమలు. వయ్యారిభామ సంగతి సరేసరి, దాని పుప్పొడితో కొందరికి దురదలు, ఆయాసం వస్తాయి. నేను ఒకసారి వట్టి చేతులతో పీకి పది రోజులు చేతులకి మందు రాసుకున్నాను. కాబట్టి ఎప్పటికైనా చేయించాల్సిన పనే. ఆయన పడుకున్నప్పుడు చేయించడం ఒక్కటే పొరపాటు. ఆయనకి చెబితే వద్దంటారని మీకు ముందే తెలుసు, అందుకే పడుకునేదాకా ఆగారు. ఈ ముక్క మీ మనసులో మీరు ఒప్పుకుంటే చాలు, నాకు రాయక్కర్లేదు.

అసలు అంత తొందర ఎందుకొచ్చింది మీకు? పొద్దున్నుంచీ బజారులో తిరిగి వచ్చారు. ఎండ మండిపోతోంది. మర్నాడు పండగ, వంటింట్లో బోలెడు పని. అలాంటప్పుడు భోంచేసి ఓ గంట నడుం వాల్చాల్సింది పోయి కూలీ మనిషి కోసం వెతికారు. అమ్మ లేని పెరడుని అలా చూస్తూ కూర్చోలేకపోయారు అనిపిస్తోంది నాకు. ఏడాదిలోపు వచ్చిన పండగలు మీ ఇంట్లో చేసుకుని ఉండరు. సంవత్సరీకం అయ్యాక ఇదే మొదటి ఉగాది. సంవత్సరీకం అయిపోతే దుఃఖం కూడా అయిపోయినట్టు చుట్టాలు మాట్లాడతారు, "ఇంక మామూలుగా ఉండండి" అంటారు. మామూలుగా ఉండడం అంటే ఏం చేయాలో తెలియక మీరు ఇల్లు సర్దారు, ఆయన పూలు కొన్నారు. ఇద్దరూ ఒకే మనిషి కోసం తంటాలు పడుతూ ఒకరికొకరు అడ్డం పడ్డారు. మీ ఉత్తరం అంతా నాన్నగారి గురించే ఉంది. మీరు అమ్మ కోసం కూర్చుని ఏడ్చింది ఎప్పుడో ఒక్క ముక్క లేదు.

ఇక మీ అన్నయ్యగారి మాట. అమెరికా నుంచి ఫోన్లో "అమ్మేయ్" అనడం సులువు. ఆ మాట నాన్నగారి చెవిన పడే ఉంటుంది, ఇలాంటివి ఇళ్లల్లో దాగవు. ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. ఇల్లు అమ్మాలని పిల్లలు అనుకుంటున్నారు. కూతురు ఊరి నుంచి వచ్చింది. తను నిద్రపోతుండగా మనిషిని పెట్టి పెరడంతా బోడిగా కొట్టించింది. బేరానికి వచ్చేవాళ్లకి చూపించడానికి స్థలం సిద్ధం చేస్తున్నారని ఆయన అనుకుంటే తప్పేముంది? ఆ పచ్చడి తినకపోవడంలో చెట్టు కోపం ఎంతో, ఈ భయం ఎంతో మనకి తెలియదు. అందుకని క్షమాపణ కన్నా ముందు చెప్పాల్సిన మాట ఇది: "మీరు ఉండాలనుకున్నన్నాళ్లు ఈ ఇల్లు అమ్మే ప్రసక్తి లేదు." అన్నయ్యతో మాట్లాడి, ఆయన చేత కూడా ఇదే మాట చెప్పించండి. అన్నయ్య ఒప్పుకోకపోతే, కనీసం నాన్నగారి ముందు ఆ ఊసు ఎత్తొద్దని గట్టిగా చెప్పండి. చెల్లెలిగా మీకు ఆ చనువు ఉండే ఉంటుంది.

క్షమాపణ ఫోన్లో వద్దు. ఫోన్లో ఆయన "సర్లే" అంటారు, అక్కడితో అయిపోతుంది. వచ్చే శనివారం రైలెక్కండి. పిల్లల్ని, మీవారిని తీసుకెళ్లకండి, ఈసారికి ఒక్కరే. వెళ్లగానే మొదలెట్టకండి కూడా. సాయంత్రం ఎండ తగ్గాక ఆయన పెరటి గడప దగ్గర కూర్చుంటారు కదా, అప్పుడు పక్కన కూర్చుని చెప్పండి. "అది అమ్మ మల్లె అని నాకు తెలుసు నాన్నా. అయినా చూసుకోలేదు. మిమ్మల్ని అడక్కుండా చేయించాను." ఇంతే. "పాములొస్తాయని", "మీ మంచికే" అని దానికి తోక తగిలించొద్దు. పాముల సంగతి నిజమే, కానీ ఆ రోజు కాదు. ఆయన ఏమీ అనకపోతే మీరూ ఏమీ అనకుండా కూర్చోండి. మన ఇళ్లల్లో తండ్రులకి కూతురి ముందు మాట పెగలడానికి టైం పడుతుంది. ఆయన గనక కోప్పడితే అదృష్టం అనుకోండి. వారం రోజుల మౌనం కన్నా నాలుగు తిట్లు నయం.

కడియం మొక్క తేవద్దు. ఇప్పుడు తేవద్దు అంటున్నాను. అక్కడి నర్సరీల్లో మంచి మొక్కలు దొరుకుతాయి, కాదనను. అయితే పగిలిన గాజు బదులు కొత్త గాజు కొనిచ్చినట్టు ఉంటుంది అది. పైగా పాత మల్లె చచ్చిపోయిందని ఎవరన్నారు మీకు? కూలీ మనిషి కొడవలితో కొట్టాడు గానీ గునపంతో వేళ్లు పెళ్లగించలేదు కదా? మొదలు భూమిలో గట్టిగా ఉంటే మల్లె మళ్లీ చిగురిస్తుంది. రైతులు ఏటా దాన్ని కత్తిరిస్తారు, కాకపోతే చలికాలంలో కత్తిరిస్తారు, మీ మనిషి మొగ్గల మీద కత్తిరించాడు. చిన్నగా తవ్వి, కాస్త పశువుల ఎరువు వేసి, రోజు విడిచి రోజు నీళ్లు పెట్టండి. చుట్టూ తుంగ లేస్తే గడ్డతో సహా తవ్వి తీయాలి, పైపైన పీకితే వారంలో మళ్లీ తయారవుతుంది. మల్లెల కాలం ఇంకా ముందుంది, ఈ ఏడు ఆలస్యంగానైనా నాలుగు పూలు వస్తే రావచ్చు. గ్యారంటీ ఇవ్వలేను. ఈ పని మాత్రం మీరు ఒక్కరే చేయకండి. "ఎంత తవ్వాలి నాన్నా, ఎరువు ఎంత వేశారు మీరు?" అని అడిగి ఆయన చేత చెప్పించుకోండి. ఇద్దరి మధ్య మాట మొదలవ్వడానికి ఇంతకన్నా మంచి విషయం నాకు తోచడం లేదు.

మిగిలిన పెరడు కూడా ఒకేసారి తేల్చేయాలని చూడకండి. పొద్దున ఆరింటికి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ఆపేస్తే చాలు, ఆ తర్వాత ఎండకి పెద్దాయన నిలవలేరు. మొదట నడిచే దారి, కుళాయి చుట్టూ, దొడ్డి వైపు తలుపు. ఇవి ఆయనకి రోజూ కావాల్సినవి కాబట్టి గొడవ రాదు. ముట్టుకోకూడని మొక్కలకి పాత చీర చింపి గుడ్డ పేలికలు కట్టమని ఆయనకే ఇవ్వండి. గుడ్డ కట్టిన చోట కొడవలి పడదని కూలీ మనిషికి ఆయన ముందే చెప్పండి. ఆయన అన్నిటికీ కట్టేయొచ్చు. ఉత్తరేణికి కూడా కట్టొచ్చు. కట్టనివ్వండి. వయ్యారిభామకి కడితే మాత్రం ఒప్పుకోవద్దు, పూత రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకించేయండి.

మతిమరుపు గురించి మీకు భయం ఉంది కాబట్టి అదీ చెబుతాను. తెలిసిన దారిలో ఇల్లు మరిచిపోవడం, అడిగిందే పది నిమిషాల్లో మళ్లీ అడగడం, గ్యాస్ పొయ్యి ఆర్పకుండా వదిలేయడం, డబ్బు లెక్కల్లో ఎప్పుడూ లేని పొరపాట్లు. ఇలాంటివి కనిపిస్తే డాక్టర్‌కి చూపించాలి. మీరు రాసిన దాంట్లో ఒక్కటీ లేదు. నాకు మతిమరుపు కన్నా దిగులు గురించే ఎక్కువ టెన్షన్. సరిగ్గా తింటున్నారా, బరువు తగ్గారా, తెల్లవారుజామున లేచి కూర్చుంటున్నారా, బీపీ షుగర్ మాత్రలు ఉంటే వేసుకుంటున్నారా, స్నేహితులతో మాట్లాడుతున్నారా? ఇవి పనిమనిషికి మీకన్నా బాగా తెలుస్తాయి. "ఇంకెందుకు బతకడం" లాంటి మాట ఒక్కసారి విన్నా శనివారం దాకా ఆగకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆయన చేయనంటే ముందు మీరు చేసి అడగండి. మీ కోసం కూడా చేయొచ్చు.

హైదరాబాద్ తీసుకెళ్లే ఆలోచన ఇప్పుడే వద్దు. వేసవి సెలవుల్లో పిల్లలు అక్కడికి వెళ్లి పదిహేను రోజులు ఉంటే ఆ ఇంటికీ కళ వస్తుంది, ఆయన ఒంటరిగా ఉండగలరో లేదో మీకూ తెలుస్తుంది. మల్లెకి నీళ్లు పోయడం పిల్లల పని చేయండి, తాతగారు అజమాయిషీ చేస్తారు.

ఒకటి మరిచిపోయాను. శనివారం స్టేషన్ నుంచి ఇంటికి వెళ్లే దారిలో మూర మల్లెపూలు కొనండి. ఆయన చేతికి ఇవ్వండి. ఎవరికి అని ఆయన అడగరు. చిగురు వచ్చిందా అని మాత్రం అప్పుడే అడగొద్దు. ఇంకో రెండు వారాలు ఆగాక ఫోన్లో అడగండి, అప్పటికి గానీ కనిపించదు.